కొత్త నేలతో పరిచయం – నా అనుభవం

కొత్త ప్రాంతానికి మారాక ఇల్లు, పిల్లల బడి, బ్యాంకు, డాక్టరు లాంటివన్నీ అనుకున్నదానికంటే తొందరగానే కుదురుకున్నాయి. కుదరంది ఒక్కటే. అది బయటికి చెబితే పనీపాటా లేదా అంటారేమోనని చాలాకాలం నాలోనే పెట్టుకున్నాను. పొద్దున్నే దణ్ణం పెట్టుకోవడానికి నిలబడితే ఎటు తిరిగి నిలబడ్డానో తెలిసేది కాదు. పాత చోట తూర్పు ఎటో నాకెవరూ నేర్పలేదు, నిద్రలో లేపి అడిగినా చెయ్యి అటే చూపించేది. ఇక్కడ ఫోన్ తీసి చూసుకోవాలి, చూసుకున్నా అటు తూర్పు అని బుర్రకు తెలుస్తుందే తప్ప ఒంటికి తెలియదు. దణ్ణం పెడుతున్నాను గానీ అది ఎక్కడి నుంచి బయల్దేరుతోందో నాకే తెలియకపోతే ఎక్కడికని చేరుతుంది?

ఇంటి బెంగ కాదా అంటే, అదీ ఉంది. కానీ మనుషుల మీద బెంగ ఒక ఫోన్ కాల్‌తో కొంతైనా తగ్గుతుంది. నేల మీద బెంగ అలా తగ్గదు, ఫోన్ పెట్టేశాక ఇంకా పెరుగుతుంది. ఆ బెంగ ఎలా సర్దుకుందో, ఇక్కడి నేలతో ఏదో ఒక బంధం అంటూ ఎలా మొదలైందో రాస్తున్నాను. ఊళ్ళ పేర్లు కావాలనే రాయడం లేదు, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళినవాళ్ళకైనా పనికొచ్చే సంగతులే రాస్తాను.

మొదట్లో అందరూ చెప్పేవే చేశాను. చెప్పులు విప్పి గడ్డి మీద నిలబడమన్నారు, నిలబడ్డాను, చీమలు కుట్టాయి. భూమిలోని శక్తి అరికాళ్ళ గుండా ఒంట్లోకి ఎక్కుతుందని చెప్పేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు, అందుకోసం ప్రత్యేకంగా చాపలు, దుప్పట్లు అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. అమ్మకానికి వచ్చిందంటేనే నాకు కాస్త అనుమానం. ఒట్టి కాళ్ళతో నడిస్తే హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ కొత్త చోట మట్టి ఎలాంటిదో తెలియకుండా నడవకండి, మనుషుల మలం కలిసిన తడి మట్టిలో కొంకిపురుగు (హుక్‌వార్మ్) పిల్లలు ఉండొచ్చు, అవి అరికాలి చర్మంలోంచే లోపలికి దూరతాయి. భూమితో మరీ అంత దగ్గరి సంబంధం ఎవరికీ అక్కర్లేదు.

చెట్టు కింద కళ్ళు మూసుకుని కూర్చుని "ఈ నేల నన్ను అక్కున చేర్చుకుంటోంది" అని అనుకోమన్నారు ఇంకొకరు. కూర్చున్నంతసేపూ అబద్ధమాడుతున్నట్టే ఉంది. నన్ను అక్కున చేర్చుకున్నట్టు నాకెవరు చెప్పారు? నేను వచ్చిన సంగతే దానికి తెలియదు. పైగా తెలుసుకోవాల్సిందంతా బయట ఉంటే కళ్ళు మూసుకోవడం దేనికి? ఆ విసుగులోనే, ముందు కళ్ళు తెరిచి చేసే పనులేవో చేద్దాం, మనసులో ఏమైనా కలిగితే కలుగుతుంది, లేకపోతే లేదు అని అనుకున్నాను.

మొదట దిక్కుల సంగతి చూశాను. ఇంటి వెనక కొంచెం ఖాళీ స్థలం ఉంది. చదునుగా ఉన్నచోట ఒక కర్ర నిటారుగా పాతాను, దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీసి, వంకర లేకుండా సరిచేశాను. కర్ర పొడుగంత తాడుతో దాని చుట్టూ మట్టిలో ఒక వలయం గీశాను. పొద్దున నీడ కొస వలయానికి బయట ఎక్కడో ఉంటుంది, ఎండెక్కేకొద్దీ నీడ కురచవుతూ వచ్చి ఒకచోట గీతను తాకి లోపలికి వస్తుంది. ఆ తాకిన చోట ఒక పుల్ల గుచ్చాలి. మధ్యాహ్నం దాటాక నీడ మళ్ళీ సాగుతూ అవతలి పక్క గీతను తాకి బయటికి పోతుంది, అక్కడ ఇంకో పుల్ల. రెండు పుల్లలకూ దారం కడితే అదే తూర్పు పడమర. ఇదేమీ నా తెలివి కాదు, యజ్ఞవేదికల కొలతలు చెప్పే కాత్యాయన శుల్బసూత్రంలో ఉన్న పద్ధతి, తర్వాత వాస్తు గ్రంథాలూ ఇదే చెప్పాయి. దిక్సూచి చూపించేది అయస్కాంత ఉత్తరం, చాలా చోట్ల అది అసలు ఉత్తరం నుంచి కొన్ని డిగ్రీలు పక్కకు ఉంటుంది. నీడకు ఆ గొడవ లేదు. సూర్యుడు రోజూ కాస్త ఉత్తరానికో దక్షిణానికో జరుగుతుంటాడు కాబట్టి వెంట్రుకవాసి తేడా వస్తుంది, అది మార్చి, సెప్టెంబర్ నెలల్లో కొంచెం ఎక్కువ, జూన్, డిసెంబర్ నెలల చివర్లో దాదాపు ఉండదు.

చెప్పడం తేలిక. చేస్తుంటే నీడ కొస అస్సలు పదునుగా ఉండదు, అంచు మసకమసకగా ఉండి అసలు నీడ ఎక్కడ ఆగిందో, మసక ఎక్కడ మొదలైందో తేలదు. వేలితో మట్టి మీద నొక్కి చూస్తూ, ఇదే అనుకున్నచోట పుల్ల గుచ్చేలోపు మబ్బు వచ్చేస్తుంది. మబ్బు పోయేదాకా కూర్చోవాలి. ఆ కూర్చోవడమే నాకు పనికొచ్చింది అనుకుంటాను. ఈ ప్రాంతానికి వచ్చాక ఏ పనీ పెట్టుకోకుండా, ఫోన్ చూడకుండా, ఒక చోట ఒక పూటంతా నేల మీద కూర్చున్నది అదే మొదలు. ఆ మట్టిలో ఎన్ని రకాల చీమలున్నాయో, గాలి ఏ వేళకు ఎటు తిరుగుతుందో, ఏ పిట్ట ఏ కొమ్మ మీదికి వస్తుందో అన్నీ నీడ కోసం ఎదురుచూస్తుంటే వాటంతటవే కంటపడ్డాయి. సాయంత్రానికి దారం కట్టి చూస్తే, తూర్పు వాకిలి అని చెప్పి ఇచ్చిన ఇల్లు బాగా ఆగ్నేయానికి ఒరిగి ఉంది. అదీ సంగతి, ఫోన్ చూడకుండా వాకిలినే నమ్ముకున్న రోజుల్లో నేను పక్కింటి నీళ్ళ ట్యాంకుకు దణ్ణం పెట్టాను.

ఆ తర్వాత సూర్యోదయాలు గమనించడం అలవాటైంది. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 20, 21 ప్రాంతంలోనూ, సెప్టెంబర్ 22, 23 ప్రాంతంలోనూ మాత్రమే, మిగతా రోజుల్లో అటో ఇటో. జూన్ 21 దాకా ఉత్తరానికి జరిగి, డిసెంబర్ 21, 22 నాటికి దక్షిణపు కొసకు చేరతాడు. ఈ ఊగే వెడల్పు అన్ని చోట్లా ఒకటి కాదు, భూమధ్యరేఖ దగ్గర ఇటు ఇరవై మూడున్నర డిగ్రీలు, అటు ఇరవై మూడున్నర డిగ్రీలు, ధ్రువాల వైపు పోయేకొద్దీ ఇంకా ఎక్కువ. నాకు మిద్దె మీంచి ఒక చివర సెల్ టవరు, మధ్యలో కొండల మధ్య ఒక పల్లం, ఈ చివర ఒక ఎత్తైన చెట్టు కనిపిస్తాయి. ఏ నెలలో వీటిలో దేని పక్కన పొద్దు పొడుస్తుందో ఇప్పుడు క్యాలెండర్ చూడకుండా చెప్పగలను. రాత్రిళ్ళు ధ్రువనక్షత్రం కూడా. ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్ళకు అది ఆకాశంలో ఎన్ని డిగ్రీల ఎత్తులో కనిపిస్తే మనం దాదాపు అన్ని డిగ్రీల అక్షాంశం మీద ఉన్నట్టు. చెయ్యి బారచాపి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. పిడికిలి మీద పిడికిలి పేర్చి కొలిస్తే ఇక్కడ ధ్రువుడు పాత చోటి కంటే పైన ఉన్నాడు. నేను ఎంత దూరం వచ్చానో కిలోమీటర్లలో తెలుసు గానీ, ఆకాశంలో ఒక చుక్క ఎత్తు మారేంత దూరం వచ్చానని ఆ రాత్రే తెలిసింది. కాసేపు ఏడుపొచ్చింది కూడా, ఎందుకో సరిగ్గా చెప్పలేను.

తర్వాత నీళ్ళు. నా ఇంటి ముందు పడిన వాన చివరికి ఏ నదిలో కలుస్తుంది అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇరుగుపొరుగును అడిగితే "కాలవలోకి" అన్నారు, ఆ కాలవ ఎటు పోతుందంటే భుజాలు ఎగరేశారు. మ్యాప్‌లో చూస్తే రోడ్లున్నాయి తప్ప మురుగు కాలవల జాడ లేదు. అందుకని ఒక గట్టి వాన వెలిశాక, గొడుగు పట్టుకుని, నీళ్ళ వెంబడే నడిచాను. నా గేటు ముందు నుంచి సందు చివరికి, అక్కడ రోడ్డు కిందికి దూరి మాయమై, అవతల ఒక ప్రహరీ గోడ పక్కన మళ్ళీ తేలి, కొంతదూరం పోయాక ఒక చోట పారడం మానేసి రోడ్డంతా పరుచుకుని నిలబడిపోయింది. ఎటు పోవాలో నీళ్ళకే తెలియనట్టుంది, ఇక నాకేం తెలుస్తుంది. నేను అటూ ఇటూ తొంగి చూస్తుంటే ఒక ముసలాయన అరుగు మీంచి "ఏమమ్మా, ఏం పోయింది?" అని అడిగాడు. ఏమీ పోలేదు తాతా, ఈ నీళ్ళు ఎటు పోతాయో చూద్దామని వచ్చానంటే నన్ను ఎగాదిగా చూసి, "ఎక్కడికీ పోవు. నువ్వు నిలబడింది చెరువులో" అన్నాడు.

అక్కడ ఒకప్పుడు చెరువు ఉండేదట. పూడ్చి ఇళ్ళు కట్టారు. ఆయన చిన్నప్పుడు ఈత కొట్టింది అక్కడేనట, గట్టు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండేదో, తూము ఎటువైపు ఉండేదో కూర్చున్నచోటి నుంచే చేతికర్రతో గాలిలో గీసి చూపించాడు. తూము ఉన్నచోటు నుంచి పాత వాగు మొదలవుతుంది, అది ఇప్పటికీ ఉంది, సన్నగా, కంపుగా. తర్వాత మెల్లమెల్లగా, సెలవు దొరికినప్పుడల్లా ఆ వాగు వెంట ఇంకొంచెం ఇంకొంచెం నడిచి అది ఒక చిన్న ఏరులో కలిసేచోటు చూశాను, ఆ ఏరు ఏ నదికి పోతుందో మ్యాప్‌లో ఉంది, ఆ నది ఏ సముద్రంలో కలుస్తుందో అందరికీ తెలిసిందే. అటువైపు ఎత్తుగా ఉన్న రోడ్డు దాటితే ఆ పక్క పడిన వాన ఇంకో నదికి పోతుందని కూడా తెలిసింది. అంటే నేను రోజూ కూరగాయల కోసం దాటే ఆ మిట్ట రెండు నదుల మధ్య సరిహద్దు అన్నమాట. ఎవరూ అక్కడ బోర్డు పెట్టలేదు, పెట్టి ఉంటే బాగుండేది.

మట్టి గురించి ఎక్కువ రాయను, ఎవరికి వాళ్ళు చేసి చూసుకోవాల్సిందే. గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్ళు పోసి, బాగా గిలకొట్టి కదపకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో అడుక్కి చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటలకు, బంకమట్టి ఒక రోజు గడిచినా పూర్తిగా దిగదు. మర్నాటికి సీసాలో పొరలు పొరలుగా మీ నేల కనిపిస్తుంది. కానీ నన్ను నిజంగా కదిలించింది రాయి. ఇక్కడి కొండరాయి గ్రానైట్, దగ్గరగా చూస్తే తెల్లగా, గులాబీ రంగులో, నల్లగా పలుకులు పలుకులుగా ఉంటుంది, మధ్యమధ్యలో అభ్రకం తళుక్కుమంటుంది. ఆ పలుకులు కంటికి కనిపించేంత పెద్దవిగా ఎదిగాయంటే కారణం, అది భూమి లోపల కిలోమీటర్ల లోతున చాలా నెమ్మదిగా చల్లారి గట్టిపడటం. మరి అది ఇప్పుడు ఎండలో నా కాలి కింద ఉందంటే, దాని మీద ఉన్న కిలోమీటర్ల మందం నేలంతా ఎప్పుడో అరిగి, కొట్టుకుపోయి, ఎక్కడెక్కడికో మట్టిగా చేరిందన్నమాట. ఇది చదివాక ఆ కొండ మీద కూర్చున్న పూట నాకు కలిగిన భావాన్ని భక్తి అనకపోతే ఇంకేమనాలో తెలియదు. గుళ్ళో కూడా నాకు అంత తలవంచాలని అనిపించిన సందర్భాలు తక్కువ.

వాసన కూడా. ఎండిన నేల మీద తొలి చినుకులు పడినప్పుడు వచ్చే వాసనకు 1964లో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు. అందులో ముఖ్యమైన భాగం జియోస్మిన్, మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు తయారుచేసే పదార్థం. లక్ష కోట్ల పాళ్ళలో కొద్ది పాళ్ళున్నా మనిషి ముక్కు పసిగట్టేస్తుంది. ఆ సూక్ష్మజీవులు ఒక ఊరివి కావు, ప్రపంచంలో దాదాపు ఏ మట్టిలోనైనా ఉంటాయి. ఇక్కడ మొదటి వానకు వచ్చిన వాసన పాత చోటి వాసనలాగే ఉండటం నా భ్రమ కాదని తెలిసి ఎంత ధైర్యం వచ్చిందో! పూర్తిగా ఒకటే కాదు, ఆయా చోట్ల మొక్కల నూనెలు కూడా కలుస్తాయి కాబట్టి ఇక్కడ దానికి కాస్త వగరు తోడైంది. అథర్వవేదం పన్నెండో కాండలో భూమి సూక్తం ఉంది, 63 మంత్రాలు, అందులో కొన్ని మంత్రాలు అచ్చంగా భూమి వాసన గురించే, ఓ భూమీ, నీలోంచి పుట్టిన ఆ పరిమళాన్ని నాకూ అంటించు అని. మా అత్తగారు చదువుకునే పుస్తకంలో అర్థంతో సహా దొరికింది. అందులోనే ఇంకో మంత్రం: రకరకాల భాషలు మాట్లాడేవాళ్ళను, రకరకాల ఆచారాలవాళ్ళను ఎవరి చోటు వాళ్ళకిచ్చి మోస్తున్న భూమి అని. పొట్టచేత పట్టుకుని ఊరు మారినవాళ్ళకు ఇంతకంటే సరిపోయే మంత్రం నాకైతే కనబడలేదు.

ఇక్కడి దాకా అంతా నేనూ నేలా వ్యవహారమే. కానీ నేల ఖాళీగా ఏమీ లేదు కదా, నాకంటే ముందు నుంచి దానితో మాట్లాడుతున్నవాళ్ళు ఉన్నారు. ఈ విషయంలో నాకు దారి చూపించింది ఆస్ట్రేలియా ఆదివాసుల పద్ధతి. అక్కడ ఏదైనా సభ మొదలయ్యేముందు "మా నేలకు స్వాగతం" అని పలికే హక్కు ఆ నేలకు వారసులైన ఆదివాసులకే ఉంటుంది, మిగతావాళ్ళు ఎవరైనా సరే, ఇది ఫలానావారి నేల అని గుర్తించి గౌరవం తెలపడం వరకే. వచ్చినవాళ్ళు తమకు తామే స్వాగతం చెప్పుకోలేరు. చెట్టు కింద కూర్చుని నేను చెప్పిన అబద్ధం ఏమిటో అది చదివాక తెలిసింది. ఆ దేశంలోనే ఉలూరు అని ఒక పెద్ద ఎర్రటి కొండరాయి, అక్కడి అనంగు ప్రజలకు పవిత్రమైనది, వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఎక్కవద్దని వేడుకున్నాక 2019 అక్టోబర్ 26 నుంచి ఎక్కడం పూర్తిగా ఆపేశారు. అక్కడి నుంచి గుర్తుగా రాళ్ళు పట్టుకెళ్ళినవాళ్ళు తర్వాత మనసు ఒప్పక క్షమించమని ఉత్తరం రాసి మరీ వాటిని పోస్టులో తిరిగి పంపిస్తుంటారు. చిక్కేమిటంటే ఏ రాయి ఎక్కడ తీశారో తెలియకపోతే తెచ్చి మళ్ళీ ఎక్కడ పెడతారు? అది చదివాక నా బల్ల మీద పెట్టుకుందామని కొండ మీంచి ఏరిన గ్రానైట్ ముక్కను అక్కడే వదిలేసి వచ్చాను. పాత ఊరి నుంచి గుప్పెడు మట్టి తెచ్చి ఇక్కడ కలపాలని ఉండేది, అదీ మానుకున్నాను. మట్టితోపాటు పురుగులు, బూజులు, మొక్కల తెగుళ్ళు వస్తాయి, అందుకే చాలా దేశాలు అనుమతి లేకుండా మట్టిని సరిహద్దు దాటనివ్వవు.

వాగు వెంట నడిచేటప్పుడే ఒక ఊట కనిపించింది, రాళ్ళ మధ్య, కాస్త పల్లంలో. ఇక్కడివాళ్ళకు అది పవిత్రమైన చోటు. దాన్ని చూసుకునే ఒక పెద్దావిడ ఉంటుంది, జీతం లేదు, ఎవరూ అప్పగించలేదు, వాళ్ళమ్మ చూసుకునేది కాబట్టి తనూ చూసుకుంటోంది. మొదట్లో నేను దూరంగానే నిలబడేదాన్ని, లోపలికి వెళ్ళొచ్చో లేదో తెలియక. ఎవరింట్లోకో వచ్చినట్టు ఒదిగి ఒదిగి నిలబడ్డ నన్ను చూసి నవ్వుకునేదట, తర్వాత చెప్పింది. భాష సరిగ్గా రాని నేను తంటాలు పడి, ఇక్కడ ఎలా మొక్కాలి, ఏం చెయ్యాలి అని అడిగాను. ఆవిడ ఒక పెద్ద శ్లోకమో, నియమమో చెబుతుందని నా ఊహ. "చూస్తూ నిలబడింది చాలు గానీ, ఆ ఆకులు తియ్యి" అంది.

ఆకులు తీశాను. ఊట నోరు దగ్గర పేరుకున్న ఆకులు పైకి ఎండుగా కనిపిస్తాయి, కింద పొర నల్లగా జావలా అయిపోయి ఉంటుంది, చెయ్యి పెడితే మోచేతి దాకా దిగుతుంది. చల్లగా, ఒక రకమైన కుళ్ళు వాసన. అడుగున ఒక చోట వేళ్ళకు సన్నగా కదలిక తగిలింది, చేప ఏమోనని చెయ్యి లాగేసుకున్నాను, ఆవిడ మళ్ళీ పెట్టమంది. అది నీళ్ళు నేలలోంచి పైకి తన్నుకొచ్చే చోటు. చుట్టూ పూడిక తీసేకొద్దీ అక్కడ ఇసుక రేణువులు ఆడటం మొదలుపెట్టాయి, ఉడుకుతున్నట్టు, కానీ మంచులా చల్లగా. మేమిద్దరం కాసేపు ఏమీ మాట్లాడకుండా చూశాం. తర్వాత ఆవిడ ఇంకో పక్క కూడా తియ్యమంది. నడుము పట్టేసి మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టాల్సి వచ్చింది, అది వేరే కథ.

అప్పటి నుంచి నా దణ్ణం మారింది. మన సంకల్పంలో ఎలాగూ ఈ ఏర్పాటు ఉంది, జంబూద్వీపం, భరతఖండం అంటూ మొదలుపెట్టి, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ రెండు నదుల మధ్య ఉన్నామో చెప్పి, సొంత ఇల్లయితే స్వగృహే, అద్దె ఇల్లయితే వసతి గృహే అని కూడా తేడా చూపించి, అప్పుడు గానీ అసలు పూజ మొదలవదు. పాత చోట అది పురోహితుడు చెబితే పలికేదాన్ని, అర్థం గురించి ఏనాడూ ఆలోచించలేదు. ఇక్కడ నదుల పేర్లు నేను కాళ్ళతో నడిచి తెలుసుకున్నవి, దిక్కు కర్ర నీడతో తేల్చుకున్నది, కాబట్టి పలికేటప్పుడు గొంతులో తేడా నాకే తెలుస్తుంది. వసతి గృహే అనడంలో సిగ్గేమీ లేదు, ఉన్నమాటే కదా. న్యూజీలాండ్‌లో మావోరీలు కూడా పరిచయం చేసుకునేటప్పుడు ముందు తమ కొండ, తమ నది, పూర్వీకులు వచ్చిన పడవ చెప్పి, తమ పేరు చివర్లో చెబుతారు. వాళ్ళ వాంగనుయి నదికి 2017లో చట్టమే ఒక వ్యక్తికి ఉండే హక్కులు ఇచ్చింది. బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు అదే వరసలో "ఇది నా కొండ" అనొచ్చా అని అక్కడ చర్చ కూడా ఉంది, నా కొండ అనడం కంటే ఫలానా కొండ దగ్గర ఉంటున్నాను అనడం మర్యాద అని కొందరంటారు. నాకు అదే నచ్చింది.

ఊట దగ్గర ఎవరిని ఉద్దేశించి మొక్కాలో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు. ఆవిడ పిలిచే పేరు ఆవిడది, నేను పలికితే అరువు తెచ్చుకున్నట్టుంటుంది. రోమన్లకు దీనికో ఉపాయం ఉండేది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దపు కేటో తన వ్యవసాయ గ్రంథంలో, తోపులో చెట్లు కొట్టేముందు ఎలా ప్రార్థించాలో చెబుతూ "నువ్వు దేవుడివైనా, దేవతవైనా" అని మొదలుపెట్టమంటాడు. పేరు తెలియనప్పుడు తెలిసినట్టు నటించకుండా మాట్లాడే పద్ధతి ఇది. నేనూ అంతే, నువ్వెవరివైనా సరే, నేను ఫలానా, ఇక్కడికి కొత్త, ఆకులు తియ్యడానికి వచ్చాను అంటాను. నవ్వొస్తుందా? మొదట్లో నాకూ వచ్చేది.

పాత నేలకు ద్రోహం చేస్తున్నానా అన్న టెన్షన్ ఒకటి చాలాకాలం ఉంది. దాని గురించి నాకు పెద్ద జవాబులేమీ దొరకలేదు, ఒక పక్షి గురించి చదివాను అంతే. బార్ టెయిల్డ్ గాడ్విట్ అనే ఉల్లంకి జాతి పిట్ట, 2022లో ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా 11 రోజులు ఎగిరింది. పుట్టింది ఒకచోట, సగం ఏడాది బతికేది ఇంకోచోట. దానికి సొంత ఊరు ఏదని అడిగితే అడిగినవాడిదే తెలివితక్కువతనం అనిపించింది.

ఎంతకాలం పడుతుందని ఈమధ్య నాలాగే వచ్చినవాళ్ళు అడుగుతున్నారు. కనీసం ఒక ఏడాది, అన్ని కాలాలూ ఒక చుట్టు తిరిగేదాకా ఏమీ ఆశించకండి అని చెబుతున్నాను. మొదటి ఏడాది నేను నోరు తెరిస్తే "మా ఊళ్ళో అయితే" అనే మొదలుపెట్టేదాన్ని, ఇంట్లోవాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. రెండో ఏడు వానలు ఆలస్యమైనప్పుడు నా నోటి నుంచి "పోయినేడు ఈపాటికి వాగు నిండింది కదా" అని వచ్చింది. పోల్చుకోవడానికి ఈ చోటిదే ఒక పోయినేడు నాకు ఏర్పడింది. అది నేను పూనుకుని చేసింది కాదు. అలాగని రోజూ ఏదో తన్మయత్వంలో ఉంటానని అనుకోకండి, చాలా రోజులు ఏమీ అనిపించదు, ఆఫీసుకు ఆలస్యమవుతోందన్న హడావుడే.

ఇప్పుడున్న సమస్య వేరు. మిట్ట మీద కొత్తగా ఇళ్ళు లేస్తున్నాయి, ఆ పునాదుల మట్టి వానకు కొట్టుకొచ్చి ఊట దగ్గరికి చేరుతోంది. పెద్దావిడకు మోకాళ్ళ నొప్పులు, కిందికి దిగలేకపోతోంది. చెరువు తాత మనవడు, మా వీధిలో ఇద్దరు ముగ్గురు వస్తామన్నారు, ఎగువన రాళ్ళు అడ్డంగా పేర్చి మట్టిని ఆపాలని ఆలోచన. ఏ రాళ్ళు ముట్టుకోవచ్చో, ఏవి ముట్టుకోకూడదో మాత్రం ఆవిడే చెప్పాలి. వచ్చే ఆదివారం ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి గట్టు దాకా మోసుకెళ్ళి చూపించమని అడగబోతున్నాం. ఒప్పుకుంటుందో, ఏమే నేనేమన్నా ఊరేగే దేవతనా అని తిడుతుందో చూడాలి.